ఉపగ్రహం చీకట్లో ఫొటో ఎలా తీస్తుంది?

పిల్లలూ, ఫిల్మ్‌నగర్‌లో రాత్రి షూటింగ్ ఎప్పుడైనా చూశారా? కెమెరా తిరగాలంటే ముందు పెద్ద పెద్ద లైట్లు వెలగాలి. మరి 475 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికి లైట్లు ఎవరు పడతారు?

2024 ఆగస్టు 16న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇస్రో బుల్లి ఉపగ్రహం ఈఓఎస్-08కి అసలు లైట్లే అక్కర్లేదు. బరువు 175 కిలోలు, దాదాపు ఒక మోటారు సైకిలంత. అందులోని కెమెరా వెలుతురును కాదు, వేడిని చూస్తుంది.

పొయ్యి మీంచి దించిన పెనం చీకట్లో కనపడదు. దగ్గరగా చెయ్యి పెడితే మాత్రం సెగ తగులుతుంది కదా! వెచ్చటి వస్తువులన్నీ ఇలా కంటికి కనపడని కిరణాలు వదులుతూనే ఉంటాయి. వాటినే పరారుణ కిరణాలంటారు. పగలంతా కాగిన జూబ్లీహిల్స్ బండలు రాత్రికీ వెచ్చగానే ఉంటాయి. కేబీఆర్ పార్కు చెట్లు తొందరగా చల్లబడతాయి. ఇలాంటి తేడాలే ఆ కెమెరాకు బొమ్మ. అడవి అంటుకున్నా, అగ్నిపర్వతం రాజుకున్నా పట్టేస్తుంది. ఎంత గొప్ప కన్నో!

ఇక ఉపగ్రహానికి కరెంటు సంగతి మన ఇన్వర్టర్ లాంటిదే. ఎండలో సౌర పలకలు బ్యాటరీని నింపుతాయి, భూమి నీడలో అదే ఆధారం. ఈ ఉపగ్రహాన్ని ఒక్క ఏడాది పనికోసమే తయారుచేశారు.

ఈ సాయంత్రం పొద్దుగూకాక డాబా గోడనూ, పక్కనున్న ఆకునూ ముట్టుకుని చూడండి. ఉపగ్రహం చూసే తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.