అమెరికా యూనివర్సిటీ హాస్టల్: మీల్ ప్లాన్‌లో పోయే డబ్బు, వైఫైకి అక్కర్లేని ఖర్చు

ఇంటర్ అయ్యాక నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లే పిల్లల ఇళ్లలో అడ్మిషన్, లోన్, వీసా గురించి నెలల తరబడి మాట్లాడుకుంటారు. ఆ తర్వాత యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసు నుంచి ఒక ఫారం వస్తుంది. ఏ గది కావాలి, ఏ మీల్ ప్లాన్ కావాలి అని అందులో అడుగుతారు. దాన్ని మాత్రం చాలామంది పిల్లలకే వదిలేస్తారు. పిల్లలేమో 'ఆకలితో ఉండకూడదు కదా' అని అన్నింటికన్నా పెద్ద ప్లాన్ మీద నొక్కేస్తారు. ఆ మొత్తం ట్యూషన్, గది అద్దెతో కలిసి ఒకే బిల్లులో వస్తుంది కాబట్టి భోజనానికి ఎంత పోతోందో ఇంట్లో ఎవరికీ విడిగా కనపడదు.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఈ బాధ తక్కువ. వాళ్లలో ఎక్కువమంది క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్లలో కలిసి ఉండి వండుకుంటారు, మీల్ ప్లాన్ సాధారణంగా తప్పనిసరి కాదు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లల సంగతి వేరు. చాలా యూనివర్సిటీల్లో హాస్టల్‌లో ఉంటే ఏదో ఒక ప్లాన్ తీసుకోవాల్సిందే. వద్దనడానికి లేదు, ఏది అన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది.

ప్లాన్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అన్‌లిమిటెడ్: డైనింగ్ హాల్‌కి ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు. రెండోది వారానికి ఇన్ని భోజనాలు అని లెక్క. ఐడీ కార్డు గీసిన ప్రతిసారీ ఒక భోజనం తగ్గుతుంది, దాన్నే అక్కడ స్వైప్ అంటారు. వారం అయిపోతే మిగిలిన స్వైపులు సాధారణంగా పోయినట్టే. మూడోది బ్లాక్ ప్లాన్: సెమిస్టర్ మొత్తానికి ఇన్ని భోజనాలు, ఎప్పుడైనా వాడుకోవచ్చు. వీటితోపాటు కొంత సొమ్ము కార్డులో వేస్తారు. డైనింగ్ డాలర్లు, ఫ్లెక్స్ అని రకరకాల పేర్లుంటాయి. క్యాంపస్‌లోని కాఫీ షాపుల్లో, చిన్న దుకాణాల్లో వాటిని ఖర్చు పెట్టుకోవచ్చు. అవి చాలాచోట్ల మొదటి సెమిస్టర్ నుంచి రెండోదానికి వెళ్తాయి కానీ ఏడాది ముగిస్తే తిరిగి ఇవ్వరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. వారానికి 14 భోజనాల ప్లాన్ సెమిస్టర్‌కు 2,600 డాలర్లు అనుకోండి. 16 వారాలకు 224 భోజనాలు. ఒక్కోటి దాదాపు 11.60 డాలర్లు పడుతుంది. బాగానే ఉంది. కానీ హలాల్ మాంసం వారంలో రెండు రోజులే పెట్టే హాల్ అయితే, పిల్లాడు మిగతా రోజుల్లో సలాడ్, పిజ్జా తిని విసిగిపోయి వారానికి 9 సార్లే వెళ్తే? అప్పుడు తిన్నవి 144 భోజనాలు, ఒక్కోటి 18 డాలర్లు. దాన్ని ఆ రోజు రేటుతో రూపాయల్లోకి మార్చి, పైన లోన్ వడ్డీ కలిపి చూసుకోండి. అందుకే బ్రోచర్‌లో ఉన్న భోజనాల సంఖ్య కాదు, మన పిల్లలు నిజంగా తినగలిగే భోజనాల సంఖ్య ముందు తెలియాలి.

అది తెలియాలంటే డైనింగ్ ఆఫీసుకు ఒక మెయిల్ రాయడమే మార్గం. హలాల్ కౌంటర్ ఏ హాల్‌లో ఉంది, రోజూ ఉంటుందా, మధ్యాహ్నమా రాత్రా? మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, సర్టిఫికెట్ ఎవరిది? అక్కడ ఇఫాంకా లాంటి సంస్థలు హలాల్ సర్టిఫికెట్ ఇస్తాయి. హలాల్ అని బోర్డు ఉన్నంత మాత్రాన చేత్తో జబహ్ చేసిందే అని అనుకోకూడదు, ఆ పట్టింపు ఉన్న ఇళ్లు అది విడిగా అడగాలి. అదే పెనం మీద పంది మాంసం కాలుస్తారా అన్నది ఇంకో ప్రశ్న. చాలా యూనివర్సిటీల్లో డైటీషియన్ ఉంటారు, ఇలాంటివి అడిగితే చెప్పడం వాళ్ల పనే, మొహమాటం అక్కర్లేదు. ఇంకా సూటిగా తెలియాలంటే ఆ క్యాంపస్ ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ పిల్లల్ని అడగండి. 1963లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొదలైన ఆ సంస్థకు ఇప్పుడు అమెరికా అంతటా శాఖలున్నాయి. మెనూలో రాసేదానికీ పళ్లెంలోకి వచ్చేదానికీ తేడా వాళ్లకే బాగా తెలుసు.

రంజాన్ సంగతి విడిగా చూడాలి. 2027లో అది ఫిబ్రవరి రెండో వారం ప్రాంతంలో మొదలవుతుంది, అంటే జనవరిలో మొదలయ్యే సెమిస్టర్ మధ్యలో. ఫిబ్రవరిలో చికాగోలో పొద్దు సాయంత్రం ఐదు దాటాక, డల్లాస్‌లో ఆరు దాటాక గుంకుతుంది. రాత్రి భోజనానికి హాల్ తెరిచి ఉండే టైమే కాబట్టి ఇఫ్తార్‌కి పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా సహరీతోనే. ఫజర్ అయ్యాక గానీ చాలా హాళ్లు తెరుచుకోవు. కొన్ని యూనివర్సిటీలు రోజా ఉన్నవాళ్లకు ముందురోజు రాత్రే సహరీ డబ్బా కట్టి ఇస్తాయి. దాని కోసం ముందుగా పేరు రాయించుకోవాలి. ఆ సదుపాయం లేకపోతే రోజుకు ఒక్క స్వైపే వాడకంలో ఉంటుంది. పైన చెప్పిన 14 భోజనాల ప్లాన్‌లో నాలుగు వారాలకు 28 భోజనాలు, అంటే దాదాపు 325 డాలర్లు ఊరికే పోతాయి. బ్లాక్ ప్లాన్ అయితే ఆ భోజనాలు ఈద్ తర్వాత తినొచ్చు. రెండో సెమిస్టర్ వరకైనా బ్లాక్ ప్లాన్ దొరుకుతుందేమో అడగడం మంచిది.

మొదట చిన్న ప్లాన్ తీసుకోవడమే మేలు. పెంచుకోవడం సులువు, తగ్గించుకోవడమే కష్టం. చాలాచోట్ల సెమిస్టర్ మొదలైన రెండు మూడు వారాల దాకే మార్పుకు గడువు ఇస్తారు. మొదటి పది రోజుల్లో ఎన్ని స్వైపులు అయ్యాయో యాప్‌లో కనిపిస్తుంది. ఆదివారం వీడియో కాల్‌లో 'తిన్నావా' అని అడిగేటప్పుడు ఆ అంకె కూడా అడగండి.

ఇంటి నుంచి రైస్ కుక్కర్ పంపితే కుదరదా? గదుల్లో కుక్కర్లు, హీటర్లు పెట్టడాన్ని చాలా హాస్టళ్లు ఒప్పుకోవు. పైగా మన 230 వోల్టుల కుక్కర్ అక్కడి 120 వోల్టుల కరెంటు మీద సరిగా ఉడికించదు. ఫ్లోర్‌లో అందరికీ కలిపి వంటగది ఉందా అని అడగండి. ఉంటే చిన్న ప్లాన్ మీద ధైర్యంగా ఉండొచ్చు.

ఇంటర్నెట్ దగ్గర పొరపాటు ఇంకో రకం. ఇక్కడి నుంచి వైఫై రూటర్ కొని సూట్‌కేస్‌లో పెట్టేవాళ్లున్నారు. హాస్టల్ వైఫై ఖర్చు దాదాపు అన్నిచోట్లా ఫీజులోనే ఉంటుంది. సొంత రూటర్ క్యాంపస్ సిగ్నల్‌కు అడ్డు తగులుతుందని చాలా యూనివర్సిటీలు నిషేధించాయి. చాలాచోట్ల ఆ నెట్‌వర్క్ పేరు ఎడ్యురోమ్. యూనివర్సిటీ ఇచ్చిన ఐడీ, పాస్‌వర్డ్‌తో ఫోన్, ల్యాప్‌టాప్ కనెక్ట్ అవుతాయి. స్నేహితుడి క్యాంపస్‌కు వెళ్లినా అక్కడ ఎడ్యురోమ్ ఉంటే అదే లాగిన్ పనిచేస్తుంది. టీవీ స్టిక్, గేమ్ కన్సోల్ లాంటివి ఇలా లాగిన్ కాలేవు. వాటి మ్యాక్ అడ్రస్ అనే నంబరును యూనివర్సిటీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. వస్తువు సెట్టింగ్స్‌లో ఆ నంబరు ఉంటుంది, ఐదు నిమిషాల పని. గోడకు నెట్ పోర్టు ఉన్న గదైతే ఒక ఈథర్నెట్ కేబుల్ కొనుక్కుంటే ఆన్‌లైన్ పరీక్షలప్పుడు నిశ్చింత.

ఒక్క విషయం గట్టిగా చెప్పి పంపాలి. కొత్త తెలుగు సినిమా కోసం టొరెంట్ జోలికి పోవద్దు. క్యాంపస్ నెట్‌లో ఎవరు ఏం దించుకున్నారో లాగిన్‌ను బట్టి దొరికిపోతుంది. కాపీరైట్ ఉన్న వాటి అక్రమ పంపిణీని అడ్డుకునే ఏర్పాట్లు ఉండాలని 2008లో వచ్చిన అక్కడి ఉన్నత విద్యా చట్టం యూనివర్సిటీలను అడుగుతోంది. నోటీసు వస్తే నెట్ ఆపేయవచ్చు, క్రమశిక్షణ విచారణ దాకా పోవచ్చు. వీసా మీద ఉన్న పిల్లలకు అది అనవసరమైన తలనొప్పి.

ఇక ఓటీపీ. యూనివర్సిటీ లాగిన్‌కు రెండో తనిఖీగా చాలాచోట్ల డ్యుయో లాంటి యాప్ వాడతారు. పిల్లలు ఇండియా నంబరు ఇచ్చి, అక్కడ దిగాక ఆ సిమ్ తీసేస్తే మెసేజ్ రాదు, లాగిన్ కాదు, ఫీజు బిల్లూ చూడలేరు. బయల్దేరకముందే ఫోన్‌లో యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకోవాలి. ఇక్కడి బ్యాంకు ఓటీపీల కోసం పాత సిమ్‌ను రోమింగ్‌లో బతికించుకోవాలి, కనీసం లోన్ సొమ్ము అక్కడి ఖాతాలో పడేదాకా.