మూడు తేదీలూ నిజమే!

అనుమానం పెనుభూతమంటారు. 2026 సంక్రాంతినాడు ఆ భూతం మా కంప్యూటరు బల్లమీద వచ్చి కూర్చున్నది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. కాపురం కొండగట్టు దిగువన. అంజన్న దర్శనానికి వచ్చే పల్లెటూరి ఆడవాళ్ళ నోట విని పన్నెండేళ్ళుగా వ్రాసుకున్న పాటలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నవి. మా ఆవిడ బ్యాంకు లెక్కలు చూసుకునేదీ అందులోనే. దానిలో ఉన్న విండోస్ 10కు "గడువు తీరింది" అన్న మాట చెవిన పడగానే మా ఇద్దరికీ నిద్ర కరువైంది.

జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి నడిగాను. "2025 అక్టోబరు 14తోనే అయిపాయె సారూ! ఇగ కొత్తది కొనుడే" అన్నాడు. నాచుపల్లి ఇంజనీరింగు కాలేజీలో చదివే మేనల్లుడు, "ఫికరు చెయ్యకు మామా, 2026 అక్టోబరు 13 దాకా ఉన్నది" అన్నాడు. మా కాలేజీ ల్యాబు చూసే ఆయన, "మన ల్యాబుకు 2027 జనవరి 12 దాకా ఢోకా లేదు సార్" అని మీసం దువ్వాడు.

విచారిస్తే ముగ్గురిదీ నిజమే! పేరు ఒకటే అయినా విండోస్ 10లో రకాలు వేరు. ఇళ్ళలో వాడే రకాలకు మైక్రోసాఫ్టు పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. అడిగి పేరు నమోదు చేసుకున్న గృహస్థులకు మాత్రం భద్రతా మరమ్మతులు మరో యేడాది పంపుతామని ఆ కంపెనీయే ప్రకటించింది. ల్యాబులో ఉన్నది సంస్థల కోసం 2021లో వచ్చిన ఎల్.టి.ఎస్.సి. రకం. దాని జాతకం వేరు.

గడువు తీరిన మర్నాడు యంత్రం ఆగిపోదు. చిక్కంతా అక్కడే. కావలివాడు మానేసిన ఇల్లు మర్నాడూ ఇల్లులాగే కనిపిస్తుంది. పైగా వైరసుల ఆనవాళ్ళు 2028 అక్టోబరు దాకా పంపుతూనే ఉంటామన్నారు. దొంగల ఫోటోలు అందుతున్నంత మాత్రాన విరిగిన గడియ అతుక్కుంటుందా?

2017 మే నెలలో వాన్నాక్రై అనే పీడ లోకమంతా పాకి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా తాళం వేసి డబ్బడిగింది. దానికి విరుగుడు అప్పటికి రెండు నెలల కిందటే, మార్చి 14న, విడుదలైంది, వేయించుకోనివారే చిక్కుకున్నారు. 2014 ఏప్రిల్ 8నే గడువు తీరిన ఎక్స్‌పీకి కూడా ఆ గండంలో విరుగుడు ఇచ్చారు. అది చూసి, గడువులన్నీ ఉత్తుత్తివే అనుకున్నవారున్నారు. ఆపదలో చూపిన దయను హక్కనుకోరాదు.

మీ పెట్టెలో ఏ రకమున్నదో తెలుసుకోవాలంటే స్టార్టు దగ్గర విన్, వర్ అనే రెండు ముక్కలు ఇంగ్లీషులో కలిపి కొట్టండి. నేనూ కొట్టాను. ఇళ్ళలో వాడే రకమే! పేరు నమోదు కాలేదు. మూడు నెలలుగా తలుపు తీసుకునే పడుకుంటున్నామన్నమాట.

ముందు పాటలన్నిటికీ వేరే డిస్కులో నకలు తీశాను. ఆ తరువాత పేరు నమోదు చేశాను. మా ఆవిడ గోడమీది క్యాలెండరు తెచ్చి, అక్టోబరు 13 చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టింది.

"తద్దినాలకే గుర్తు పెట్టుకుంటామనుకున్నాను. ఇప్పుడు దీనికి కూడానా?" అన్నాను.

"తద్దినం రాకుండా ఉండడానికేనండీ!" అన్నది.