పదిహేను సెకండ్ల తూటాలు

స్పిట్‌ఫైరు విమానం పేరు వినని వారు అరుదు. 1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడిన ఆ ఫైటరు, ఒకసారి పైకి లేచిందంటే మొత్తం మీద ఎంతసేపు తుపాకులు పేల్చగలిగేదో ఎవరినైనా అడిగి చూడండి. పావుగంట అనేవారున్నారు, అయిదు నిమిషాలనే వారున్నారు. అసలు లెక్క పదిహేను సెకండ్లు! మీరు ఈ నాలుగు వాక్యాలు చదివేలోగా దాని తూటాలన్నీ అయిపోయి ఉండేవి.

లండన్ సైన్స్ మ్యూజియంలో ఆనాటి యుద్ధంలో పాల్గొన్న స్పిట్‌ఫైరును, హరికేనును నేను చూశాను. చూపరులందరూ ఇంజనువైపు, చోదకుడు కూర్చునే గదివైపు చూస్తున్నారు. నా చూపు మాత్రం రెక్కల అంచున ఉన్న రంధ్రాల మీద పడింది. హరికేను రెక్క దళసరి. అందులో నాలుగేసి తుపాకులు పక్కపక్కనే ఇమిడిపోయాయి. స్పిట్‌ఫైరు రెక్క పలుచన; అందుకని వాటిని ఎడంగా, దొరికిన చోటల్లా సర్దవలసి వచ్చింది. రెంటికీ ఎనిమిదేసి తుపాకులే.

ఎనిమిదే ఎందుకని? మొదటి ప్రపంచయుద్ధంలో విమానానికి రెండు మరతుపాకులుంటే గొప్ప. అవి ఇంజను వెనుక ఉండి, తిరుగుతున్న పంకా రేకుల సందుల్లోంచి కాల్చేవి. గుండు రేకుకు తగలకుండా ప్రత్యేకంగా ఒక యంత్రం ఉండేది. కాని 1934 నాటికి లోహపు బాంబర్లు వస్తున్నాయి. వాటి వేగానికి శత్రువు గురిలో నిలిచేది మహా అయితే రెండు సెకండ్లని అంచనా. ఆ రెండు సెకండ్లలోనే పని పూర్తి కావాలి. నాలుగు తుపాకులు చాలునని పెద్దల వాదన. బ్రిటిష్ విమానశాఖలో పనిచేసే ఫ్రెడ్ హిల్ అనే ఆయన, చాలవని తేల్చాడు. ఆ లెక్కలు కట్టడానికి ఇంట్లో ఆయనకు సాయపడిందెవరో తెలుసా? పదమూడేళ్ళ కూతురు హేజెల్! వంటింటి బల్ల ముందు కూర్చుని తండ్రీ కూతుళ్ళు వేసిన లెక్క ప్రకారం, నిమిషానికి కనీసం వెయ్యి గుళ్ళు కాల్చే తుపాకులు ఎనిమిది ఉండాలి. రాల్ఫ్ సోర్లీ అనే అధికారి ఆ పట్టు మీదే నిలిచి సాధించాడు. ఆ పిల్ల పేరు మాత్రం లోకానికి బాగా తెలిసింది 2020లో, బి.బి.సి. ఆమె కథ చెప్పిన తరువాతనే.

ఇక తుపాకి సంగతి. దాన్ని కల్పించినవాడు అమెరికావాడైన జాన్ బ్రౌనింగ్. గుండు ముందుకు పోయే దెబ్బకు గొట్టం వెనక్కి తంతుంది కదా, ఆ తన్నునే ఆయన పనిలో పెట్టాడు. ఆ ఊపుతో గొట్టం వెనుక మూసి ఉన్న ఉక్కు దిమ్మ వెనక్కి జరిగి, కాలిన తూటా డొప్పను బయటికి లాగివేస్తుంది. స్ప్రింగు మళ్ళీ దానిని ముందుకు నెట్టేటప్పుడు కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. ఇదంతా సెకండుకు సుమారు పందొమ్మిది సార్లు! తూటాలను కలిపిన పట్టీ లింకులు ఒక్కొక్కటే విడిపోయి, డొప్పలతోపాటు రెక్క అడుగునుంచి రాలిపోయేవి.

అయితే బ్రిటిష్ తూటాలోని కార్డైటు మందు వేడికి ఆగదు. కాలిన గొట్టంలో తూటా మిగిలిపోతే ఎవరూ నొక్కకుండానే పేలుతుంది. అందుచేత బ్రిటిష్ వారు తుపాకిని మార్చారు. చోదకుడు బొత్తాం వదలగానే దిమ్మ వెనకనే నిలిచిపోతుంది. గొట్టం ఖాళీగా ఉండి గాలికి చల్లారుతుంది. ఆ బొత్తాం నొక్కితే పోయేది కూడా కరెంటు కాదు, గాలే. చేతి పిడి మీది బొత్తాం నుంచి సన్నని గొట్టాలగుండా ఒత్తిడిగాలి ఎనిమిది తుపాకులకూ పోయి వాటిని పేల్చేది.

వేడి ఇలా ఉంటే, చలి మరో పేచీ. 1937లో స్పిట్‌ఫైరును చాలా ఎత్తుకు తీసుకుపోయి పరీక్షిస్తే తుపాకులు గడ్డకట్టి మొరాయించాయి. విమానం నేలకు దిగిన కుదుపుకు కొన్ని వాటంతట అవే పేలాయి! ఎదురుగా ఎవరూ లేరు గనుక సరిపోయింది. తరువాత రేడియేటరు వేడిగాలిని రెక్కల్లోకి మళ్ళించారు. తేమ పోకుండా తుపాకి రంధ్రాలకు గుడ్డముక్కలు అంటించారు. మొదటి గుండు ఆ గుడ్డను చించుకుని పోయేది. యుద్ధం చేసి వచ్చే విమానం తెరిచిన రంధ్రాల్లో గాలి దూరి ఈలవేసేది. ఆ ఈల విని కిందనున్న మెకానిక్కులు తూటాల పెట్టెలు పట్టుకుని సిద్ధమయ్యేవారు.

ఇన్ని చేసినా గురి కుదరకపోతే అన్నీ వృథాయే. రెక్కల్లో ఎడంగా ఉన్న తుపాకుల గుళ్ళు ఎక్కడో ఒకచోట కలవాలి. విమానాన్ని దిమ్మల మీద నిలబెట్టి, ఎదురుగా గుర్తులు వేసిన పలక ఉంచి, గొట్టంలోంచి చూస్తూ ఒక్కొక్క తుపాకినీ సరిచేసేవారు. మొదట 400 గజాల దూరంలో కలిసేటట్లు పెట్టమన్నారు. 74వ దళంలోని మలాన్ లాంటి ఆరితేరిన వారు దానిని 250 గజాలకు తగ్గించారు. అంటే శత్రువుకు అంత దగ్గరగా, వాడి తుపాకులకు ఎదురుగా పోవాలన్నమాట. కుర్చీ వెనుక కూర్చుని లెక్కలు చెప్పే వారికీ, ప్రాణాలొడ్డి పోయే వారికీ తేడా ఇక్కడే తెలుస్తుందని నాకనిపిస్తుంది.

ఈ కథతో మనకూ కొంత చుట్టరికముంది. డార్సెట్‌లోని వార్మ్‌వెల్ స్థావరం నుంచి ఆ వేసవిలో స్పిట్‌ఫైర్లతో పోరాడిన 152వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాంగారి తలపాగా!

స్పిట్‌ఫైరుకు తుపాకి ఒక్కింటికి 300 తూటాలు. రెండు సెకండ్లు నొక్కితే ఎనిమిదీ కలిసి మూడు వందల గుళ్ళు చిమ్మేవి. అన్నీ కలిపి తూచినా మూడున్నర కిలోలే. సిపాయి రైఫిలు గుండుకూ దీనికీ పరిమాణంలో భేదం లేదు. జర్మనులు తమ బాంబర్లకు ఉక్కు రేకులు తొడిగేసరికి, వందకు పైగా చిల్లులు పడినవి కూడా ఇల్లు చేరుకున్న సందర్భాలున్నాయి. తగలగానే తళుక్కుమనే నిప్పుగుళ్ళను కలిపి వాడటం వల్ల చోదకుడికి తన గురి కుదిరిందీ లేనిదీ తెలిసేది. అంతవరకు మేలే.

కావలసింది పెద్ద గుండు అని అందరికీ తెలుసు. 1940 వేసవిలో 19వ దళానికి 20 మిల్లీమీటర్ల ఫిరంగులున్న స్పిట్‌ఫైర్లు ఇచ్చారు. పలుచని రెక్కలో పట్టక వాటిని పక్కకు వాల్చి బిగించారు. అవి మాటిమాటికీ ఇరుక్కుపోయేవి. విసిగిపోయిన చోదకులు సెప్టెంబరులో పాత ఎనిమిది తుపాకుల విమానాలే కావాలని అడిగి తెచ్చుకున్నారు. ఆ లోపం దిద్దిన తరువాత 1941లో వచ్చిన రకానికి ఫిరంగులు రెండు, పాత బ్రౌనింగులు నాలుగు అమర్చారు. ఫిరంగి ఒక్కింటికి 60 గుళ్ళు. అంటే ఆరు సెకండ్లు.