కార్బురేటర్ విప్పేముందు ట్యాంకు మూత చూడండి

ఈరోజు టాపిక్ పెట్రోల్ అంబాసిడర్. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014లోనే తయారీ ఆగిపోయింది. కానీ చింతలపూడిలో మా మావయ్య ఇంకా అదే నడుపుతున్నాడు. ఏలూరు బయల్దేరితే ధర్మాజీగూడెం దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయేది. పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. మెకానిక్ కార్బురేటర్ మార్చాలన్నాడు. మావయ్య తుక్కుకి అమ్మేద్దాం అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు బగ్ వస్తే, డేటా ఎక్కడిదాకా సరిగ్గా వచ్చిందో ముందు చూసేవాళ్లం. ఇక్కడా అంతే. ట్యాంకు, పైపు, ఫిల్టరు, పంపు, ఆ తర్వాతే కార్బురేటర్.

మొదట ట్యాంకు మూత. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. చాలా పాత బళ్లలో మూతకే సన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ వచ్చి పంపు పెట్రోలు లాగలేదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పండి. ‘స్స్’మని గాలి లాక్కుని, బండి స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. మావయ్య బండిలో దొరికింది అక్కడే. రంధ్రం క్లీన్ చేశాక ఆగలేదు.

మూత తీసినా ఫలితం లేదా? ఎండాకాలం మధ్యాహ్నమైతే పైపులో పెట్రోలు ఆవిరైపోయి ఉండొచ్చు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబడ్డాక స్టార్ట్ అయితే అదే.

తర్వాత పంపు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కాయిల్‌కి కరెంటిచ్చే చిన్న వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. పెట్రోలు ఆగి ఆగి గట్టిగా చిమ్మితే పంపు బాగున్నట్టే. బుడగలొస్తే పైపులో ఎక్కడో గాలి దూరుతోంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. నోటితో పెట్రోలు లాగొద్దు.

ఇదంతా బాగుంటే అప్పుడు కార్బురేటర్. స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూడండి. లేత గోధుమరంగు ఉంటే ఓకే. పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది: చోక్ ఇరుక్కుందేమో, ఫ్లోట్ నీడిల్ లీకవుతోందేమో చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు: జెట్‌లో చెత్త ఉండొచ్చు, గాస్కెట్ దగ్గర గాలి దూరుతుండొచ్చు.

చివరగా ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దానికోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే బండే కాలిపోతుంది. కాబట్టి కొత్త కార్బురేటర్‌కి డబ్బు పెట్టేముందు, ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించండి.