సొంతగడ్డ లేని విజేతలు

1992 ఏప్రిల్ 16. ఇస్తాంబుల్ నగరంలోని అబ్ది ఇపెక్చి క్రీడాభవనంలో ఐరోపా క్లబ్బుల బాస్కెట్‌బాల్ పోటీల తుది ఆట ముగింపుకు వచ్చింది. స్పెయిన్ జట్టు జువెంతుత్ బదలోనాకు 70 పాయింట్లు, బెల్‌గ్రేడ్ జట్టు పార్టిజాన్‌కు 68. మిగిలినవి కొద్ది సెకన్లు మాత్రమే. ఇరవైనాలుగేళ్ళ అలెగ్జాందర్ జోర్జెవిచ్ బంతి అందుకొని మైదానం ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తాడు. కాళ్ళు నిలదొక్కుకునే వ్యవధి కూడా లేదు. పరుగులోనే గాలిలోకి లేచి బంతిని విసిరాడు. ఆనాటి నియమాల ప్రకారం 6.25 మీటర్ల గీతకు వెలుపలి నుంచి విసిరిన బంతి బుట్టలో పడితే మూడు పాయింట్లు లభిస్తాయి. బంతి బుట్టలో పడింది. పార్టిజాన్ 71, బదలోనా 70.

అలా ఐరోపా విజేత అయిన ఆ జట్టు ఆ ఋతువు ఐరోపా పోటీలలో తన సొంత నగరంలో ఆడగలిగింది దాదాపు లేనేలేదు. ఆ యువకులు ఏ దేశం పేరున ఆట నేర్చుకున్నారో ఆ దేశమే వారి కళ్ళముందు ముక్కలవుతున్నది.

విచ్ఛిన్నానికి తొలి సూచన అంతకు పది నెలల ముందే కనిపించింది. 1991 జూన్‌లో యుగోస్లావియా జాతీయ జట్టు రోమ్ నగరంలో ఐరోపా ఛాంపియన్‌షిప్ ఆడుతున్నది. జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. స్లొవేనియాకు చెందిన యూరి జ్డోవ్చ్ తన ప్రభుత్వ ఆదేశం మేరకు పోటీల మధ్యలోనే జట్టును విడిచి వెళ్ళిపోయాడు. మిగిలినవారు స్వర్ణపతకం గెలిచారు. ఆ తరం ఆటగాళ్ళందరూ ఒకే జెండా కింద గెలిచిన చివరి పతకం అదే.

శరత్కాలంలో క్లబ్బుల పోటీలు ఆరంభమయ్యే నాటికి క్రొయేషియాలో యుద్ధం సాగుతున్నది. భద్రత దృష్ట్యా యుగోస్లావ్ క్లబ్బులు తమ సొంతగడ్డ ఆటలను విదేశంలో ఆడవలసి వచ్చింది. అంతకుముందు 1989, 1990, 1991 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఐరోపా కిరీటం గెలిచిన స్ప్లిట్ జట్టు స్పెయిన్ వాయవ్య తీరంలోని లా కొరూన్యాకు వెళ్ళింది. జాగ్రెబ్ నగరపు సిబోనా జట్టు దక్షిణ తీరాన ఉన్న ప్వెర్తో రెయాల్‌లో నిలిచింది. బెల్‌గ్రేడ్ పార్టిజాన్ మాడ్రిడ్ శివార్లలోని ఫ్యుయెన్లబ్రాదను ఎంచుకొన్నది. స్వదేశంలో తుపాకులు ఎక్కుపెట్టుకొన్న ఇరుపక్షాల జట్లకూ ఒకే పరదేశం ఆశ్రయమిచ్చింది.

ఫ్యుయెన్లబ్రాద బెల్‌గ్రేడ్‌కు సుమారు 2,000 కిలోమీటర్ల దూరం. చూడవలసిన కోటలు గానీ కీర్తిగల క్లబ్బు గానీ లేని కార్మికుల పట్టణం. ఒకప్పటి చిన్న పల్లె. స్పెయిన్ నలుమూలల నుంచి పని వెతుక్కొంటూ వచ్చిన కుటుంబాలతో రెండు దశాబ్దాలలోనే పెద్ద ఊరైంది. ఊరు విడిచి రావడమంటే ఏమిటో ఆ ప్రజలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. భాష తెలియని ఆ యువకులను వారు తమవారిగా చేసుకొన్నారు. ‘ఫ్యుయెన్లబ్రాద పార్టిజాన్’ అన్న పేరు స్థిరపడింది.

ఆ జట్టులో అందరూ చిన్నవారే. ప్రెద్రాగ్ దానిలోవిచ్‌కు ఇరవైరెండేళ్ళు, జెల్కో రెబ్రాచాకు ఇరవై. తక్కిన పెద్ద క్లబ్బులు అమెరికన్ ఆటగాళ్ళను తెచ్చుకొన్నాయి. పార్టిజాన్‌లో ఒక్క విదేశీయుడూ లేడు. శిక్షకుడు జెల్కో ఒబ్రదోవిచ్ అంతకు కొద్ది నెలల క్రితం వరకు అదే జట్టులో ఆటగాడు. శిక్షకుడిగా అతనికి అదే మొదటి సంవత్సరం. సలహా చెప్పడానికి వృద్ధ గురువు అలెగ్జాందర్ నికోలిచ్ మాత్రం వెంట ఉన్నాడు.

ఎనిమిది జట్ల బృందంలో పార్టిజాన్ నాల్గవ స్థానంతో గట్టెక్కింది. క్వార్టర్ ఫైనల్‌లో ప్రత్యర్థి ఇటలీకి చెందిన బొలోన్యా. ఆ మూడు ఆటలలో ఒకదాన్ని బెల్‌గ్రేడ్‌లో జరపడానికి అనుమతి లభించింది. సొంత ప్రేక్షకుల మధ్య పార్టిజాన్ గెలిచింది. తరువాత బొలోన్యాలో ఒకటి ఓడి, ఒకటి గెలిచి ముందుకు సాగింది. ఇస్తాంబుల్ సెమీఫైనల్‌లో మిలాన్ జట్టును 82–75తో ఓడించింది.

తుది ఆటకు పది రోజుల ముందు సరయేవో ముట్టడి మొదలైంది. 1979లో ఇదే ఐరోపా కప్పును గెలిచిన బోస్నా జట్టు ఆ సరయేవోదే. ఆటగాళ్ళు హోటల్ గదులలో విన్న వార్తలు ఎటువంటివో ఊహించుకోవచ్చు. జోర్జెవిచ్ విసిరిన ఆ బంతి యుద్ధాన్ని ఒక్క గడియ కూడా ఆపలేదు. ఆటకు అంతటి శక్తి ఉన్నదనుకోవడం మన భ్రమ. కాని చెదిరిపోతున్న లోకంలో పన్నెండుమంది యువకులు ఒకరి చేతిలోని బంతిని ఒకరు నమ్మి అందుకోగలిగారు. అది చిన్న విషయం కాదు.

విజయానందం ఆరు వారాలు నిలిచింది. మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 757వ తీర్మానం ద్వారా యుగోస్లావియాపై ఆంక్షలు విధించింది. క్రీడలూ వాటి పరిధిలోకి వచ్చాయి. విజేత అయిన పార్టిజాన్‌కు మరుసటి ఏడు తన బిరుదును నిలుపుకొనేందుకు పోటీలో దిగే అవకాశమే లేకపోయింది. జోర్జెవిచ్ మిలాన్‌కూ దానిలోవిచ్ బొలోన్యాకూ తరలిపోయారు. తాము ఓడించిన జట్లకే వారిద్దరూ ఆడారు.

ఒబ్రదోవిచ్ 1993లో బదలోనా చేరాడు. ఒక్క పాయింటుతో తాను కన్నీరు పెట్టించిన జట్టుకే శిక్షకుడయ్యాడు. 1994లో టెల్ అవీవ్‌లో బదలోనా 59–57తో ఒలింపియాకోస్‌పై గెలిచి ఐరోపా విజేత అయింది. నిర్ణాయకమైన మూడు పాయింట్ల బంతి వేసిన కోర్నీ థామ్సన్ ఇస్తాంబుల్‌లో ఓడిన జట్టులోనూ ఉన్నాడు. ఒబ్రదోవిచ్ ఆ తరువాత మరి ఏడుసార్లు, మొత్తం తొమ్మిదిసార్లు ఆ కిరీటం గెలిచాడు. తొమ్మిదవది 2017లో, మళ్ళీ ఇస్తాంబుల్ నగరంలోనే.

పార్టిజాన్‌కు మాత్రం అత్యున్నత ఐరోపా కిరీటం నేటికీ అదొక్కటే. రికార్డులలో ఆ విజయం బెల్‌గ్రేడ్ పేరిట నమోదైంది, అది న్యాయమే. అయితే బృందదశలో పార్టిజాన్ ‘సొంతగడ్డ’ మీద ఆడిన ఏడు ఆటలూ ఫ్యుయెన్లబ్రాదలో జరిగాయి. ఆ ఏడు రాత్రులూ ఒక కార్మికుల పట్టణం పరాయి పిల్లలకోసం గొంతు చించుకొని అరిచింది. సొంతగడ్డ అంటే పుట్టినచోటు మాత్రమే కాదనీ, మన గెలుపు కోరేవారు ఉన్న ప్రతిచోటూ కాగలదనీ వారు ఆ శీతకాలంలో చేసి చూపించారు.