నాలుగు మార్కుల తేడా

ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతికి రెండు సెక్షన్లు, ఒక్కొక్క దానిలో పాతికమంది పిల్లలు ఉన్నారనుకొనవచ్చును. ఒకదానికి లెక్కలు కొత్త పద్ధతిలోను, రెండవదానికి పాత పద్ధతిలోను చెప్పినారు. పరీక్షలో మొదటిదాని సగటు 54, రెండవదాని సగటు 50. ఇంకనేమి! పాత పద్ధతి పనికిరాదని, ఆ పంతులుగారికి బోధన చేతకాదని అనువారు బయలుదేరుదురు. ఆ నాలుగు మార్కులు కాకతాళీయముగా వచ్చినవేమో అని అడుగువారు అరుదు.

ఒకే పంతులు ఒకే పాఠమును చెప్పినను రెండు సెక్షన్ల సగటులు సమానముగా ఉండవు. చురుకైన పిల్లలు నలుగురు ఒక వైపున పడవచ్చును. పరీక్షనాడు ఒకనికి జ్వరము రావచ్చును. అందుచేత గణాంక శాస్త్రజ్ఞుడు ముందుగా, రెండు పద్ధతులకు భేదమే లేదని ఊహించును. దీనికి శూన్య పరికల్పన అని పేరు. అది నిజమైనచో ఇంత తేడా గాని, ఇంతకు మించిన తేడా గాని ఎంత తరచుగా కనబడునో లెక్కకట్టును. నూటికి ఐదుసార్లకంటె తక్కువైనచో ఆ ఊహను విడిచిపెట్టును. ఈ ఐదు వాడుకయే గాని ప్రకృతి నియమము కాదు.

మార్కులు సగటుకు అటునిటు ఎంత చెదిరి ఉన్నవో తెలిసిననేగాని ఈ లెక్క సాగదు. రెండు సెక్షన్లలోను ప్రమాణ విచలనము 12 అయినచో, సగటుల తేడాకు ప్రమాణ దోషము సుమారు 3.4. నాలుగును దీనితో భాగించిన 1.18 వచ్చును. పాతికమంది చొప్పున ఉన్నప్పుడు ఇది 2.01 దాటవలెను, దాటలేదు. పంతులుగారిని నిందించుటకు ఆధారము లేదన్నమాట. అంతమాత్రమున రెండు పద్ధతులు సమానమని రుజువైనట్లు కాదు. సెక్షనుకు వందమంది చొప్పున ఉన్నచో అదే నాలుగు మార్కులకు 2.36 వచ్చి, 1.97 అను హద్దును దాటును.

ఈ పరీక్షకు మూలమైన వ్యాసమును 1908లో ప్రకటించినవాడు విలియం సీలీ గాసెట్. ఆయన ఉపాధ్యాయుడు కాడు. డబ్లిన్ నగరములో గిన్నిస్ బీరు కర్మాగారపు ఉద్యోగి. కొద్దిపాటి నమూనాలతోనే సరుకు గుణమును తేల్చవలసిరాగా ఈ మార్గము వెదకెను. సొంత పేరు బదులు "స్టూడెంట్" అను మారుపేరుతో ప్రకటించెను. పరీక్ష మార్కులకు ఆ పేరు ఎంత చక్కగా అమరినదో!

కాని లెక్క గట్టెక్కినను ఒక చిక్కు మిగులును. పద్ధతికి ఒక్క పంతులే ఉన్నప్పుడు, పిల్లలెందరైనను, గొప్ప పద్ధతిదో పంతులుదో తెలియదు. ఒకే గదిలోని పిల్లల మార్కులు ఒకదానితో ఒకటి ముడిపడియుండును. అందుకే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 2005లో ఆరంభమైన పరిశోధనకై పిల్లలను గాక పాఠశాలలనే యాదృచ్ఛికముగా ఎంపిక చేసిరి. పిల్లల మార్కులు పెరిగినకొలది ఉపాధ్యాయులకు బహుమతి ధనమిచ్చు పాఠశాలలు రెండు వందలు. అట్టిది లేనివి వంద. రెండేండ్లకు మొదటివి లెక్కలలో 0.27, భాషలో 0.17 ప్రమాణ విచలనముల మేర ముందున్నవి. ప్రమాణ దోషమును కట్టునప్పుడును ఒక్కొక్క పాఠశాలను ఒక్కొక్క గుంపుగానే ఎంచిరి. వేలకొలది పిల్లలున్నను తేడా ఆ పరీక్షకు నిలిచినది.