నిలిచే ఇల్లు

తోట పని ఉన్నంతకాలమే తోట ఇల్లు. పని మానిననాడు లైను ఇల్లు ఖాళీ చేయవలసిందే. ఈ సంగతి మన పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంటిని మరొకదానితో ముడిపెడితే, ఆ ముడి తెగిననాడు మనిషి వీధిన పడతాడు. వీధిన పడిన వారికి మళ్ళీ ఇల్లు దొరికితే, అది నిలిచేదెలా? ఈ ప్రశ్ననే ఇక్కడ పరిశీలించ దలచాము.

“ముందు తాగుడు మానమనండి, తరువాత ఇల్లు చూద్దాము” అని మనలో చాలామంది అంటారు. మేమూ ఒకప్పుడు అలా అనుకున్నవారమే. 1992లో న్యూయార్కులో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త ఈ వరుసను తిరగవేశారు. ముందు ఇల్లు, తరువాత, ఆ మనిషి కోరిన మేరకు వైద్యము, సలహా.

కెనడాలో 2009 నుండి 2013 వరకు ఐదు నగరాలలో, మానసిక వ్యాధులున్న రెండువేల మందికి పైగా నిరాశ్రయులతో ఈ పద్ధతిని పరీక్షించారు. చివరి ఆరు నెలలూ ఇంటిలోనే నిలిచినవారు ఈ పద్ధతిలో నూటికి 62 మంది. మామూలు సహాయం పొందినవారిలో 31 మంది. తాగుడు విషయంలో మాత్రం రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. అనగా ఇల్లు అన్ని రోగాలకూ మందు కాదు. కాని రోగం కుదిరేదాకా ఇల్లు ఆపనక్కరలేదు.

ఫిన్లాండులో 1987లో 18,000 మందికి పైగా నిరాశ్రయులుండేవారు. 2023 నాటికి 3,500 లోపునకు తగ్గారు. 2008 నుండి అక్కడ పెద్ద పెద్ద వసతిగృహాలను విడి ఇళ్ళుగా మార్చుతూ వచ్చారు. అద్దె ఒప్పందం ఉండేవారి పేరు మీదనే ఉంటుంది. అద్దె చాలని వారికి ప్రభుత్వ భత్యం ఉంది. అద్దె బాకీ పడిన వెంటనే సలహాదారు వచ్చి మాట్లాడి, ఇల్లు పోకుండా చూస్తాడు. అయినా 2024లో సంఖ్య మళ్ళీ కొంత పెరిగింది. ఈ శ్రద్ధ ఒక ఏటితో తీరేది కాదు.

కాబట్టి ఇల్లు నిలవడానికి మూడు కావాలి: తన పేరు మీద హక్కు, ఆదాయానికి తగిన అద్దె, విడువకుండా వచ్చే మనిషి. మొదటి రెండూ ప్రభుత్వాల చేతిలోనివి. మూడవది మన చేతిలోనిదే. తాళంచెవి అప్పగించి వచ్చేస్తే సగం పనే అయినట్లు. ఒంటరితనం భరించలేక మళ్ళీ వీధికి వెళ్ళేవారున్నారు. ఆరు నెలల తరువాత కూడా తలుపు తట్టి, “భోజనం అయిందా?” అని అడిగేవారు మన సంఘాలలో ఉండాలని మా కోరిక.